బొటనవేలి సాక్ష్యం

మా చిన్నతనంలో ఎవరినైనా తీసిపారేయాలంటే "పోరా, వేలిముద్రగాడా!" అనేవారు. హైదరాబాదు వీధుల్లో అదే మాట "అంగూఠా ఛాప్" అయ్యేది. మా నాయన రాత్రిబడిలో తన పేరు రాయడం నేర్చుకున్న కొత్తలో, షోలాపూరు మిల్లులో పనిచేసే మా పెద్దనాయన పంపిన మనియార్డరు వచ్చింది. నాయన మొదటిసారి సంతకం పెట్టి డబ్బు తీసుకున్నాడు. పోస్టుమాన్ వెళ్ళిపోయాక కూడా ఆ రూపాయలను లెక్కపెట్టకుండా, సిరా అంటని తన బొటనవేలునే చూసుకుంటూ కూర్చున్నాడు. అక్షరం రాని మనిషికి ఆ సిరా మరక అంత నామోషీగా ఉండేది.

ఇప్పుడు చూడండి. పి.జి.లు, పిహెచ్.డి.లు చేసినవాళ్ళు పరీక్ష హాలు గుమ్మం దగ్గర బారులు తీరి బొటనవేళ్ళు చాపుతున్నారు. రిటైరయ్యే ముందు కొన్నేళ్ళు నేనూ పొద్దున్నే కాలేజీ వరండాలో గోడకు తగిలించిన చిన్న డబ్బాకు వేలు అప్పగించి, అది కూతపెట్టి దయతలిస్తే గాని క్లాసుకు పోలేదు. తిరిగి తిరిగి అందరం వేలిముద్రగాళ్ళమే అయ్యాం!

నేను ఈ కాలేజీలోనే ఫిజిక్సు చదువుకుని, వేరొక చోట అదే పాఠం చెప్పి బయటపడ్డవాణ్ణి. మా ఇల్లు అశోక్‌నగర్‌లో, లోయర్ ట్యాంక్‌బండ్ వైపు వెళ్ళే ఒక సందులో. కింద మేము ఉంటాం. మేడమీద రెండు గదుల్లో పోటీ పరీక్షలకు చదివే కుర్రాళ్ళుంటారు. ఈ పేట సంగతి తెలిసినవారికి వేరే చెప్పనక్కరలేదు. ఆర్టీసీ క్రాస్‌రోడ్సు నుంచి చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ దాకా ఏ గోడ చూసినా కోచింగు బోర్డే, ఏ టీ బడ్డీ దగ్గర విన్నా కరెంట్ అఫైర్సే.

2023 సెప్టెంబరులో ఒక సాయంత్రం ఇద్దరు కుర్రాళ్ళు మెట్లు దిగి వచ్చి మా వరండాలో కూలబడ్డారు. "సార్, ప్రిలిమ్స్ కొట్టేసిండ్రు" అన్నాడు పెద్దవాడు.

ఆ కథ చాలామందికి తెలిసినదే గాని క్లుప్తంగా చెబుతాను. 503 గ్రూప్-1 ఉద్యోగాలకు అప్పటి టి.ఎస్.పి.ఎస్.సి. 2022 అక్టోబరు 16న ప్రిలిమినరీ పరీక్ష పెట్టింది. అప్పుడు అభ్యర్థుల వేలిముద్రలు తీసుకున్నారు. ప్రశ్నపత్రాలు బయటికి పొక్కిన సంగతి తేలడంతో 2023 మార్చిలో ఆ పరీక్ష రద్దయింది. 2023 జూన్ 11న రెండోసారి పెట్టారు. ఈసారి వేలిముద్రలు తీసుకోలేదు. రాసినవారు రెండు లక్షల ముప్ఫైమూడు వేలకు పైమాటే. మొదట ప్రకటించిన హాజరు అంకెకూ, తరువాత చెప్పిన అంకెకూ 258 మంది తేడా వచ్చింది. కొందరు అభ్యర్థులు హైకోర్టుకు వెళ్ళారు. బయోమెట్రిక్ తీసుకుంటామని నోటిఫికేషన్‌లో మీరే రాసి, మీరే పాటించకపోతే ఎలా అని కోర్టు పరీక్షను రద్దు చేసింది. అప్పీలు విన్న ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం కూడా సెప్టెంబరు నెలాఖరున అదే తీర్పును ఖాయం చేసింది.

"హాల్‌టికెట్ మీద ఫోటో ఉన్నది, ఇన్విజిలేటర్ చూసిండు, సంతకం పెట్టిన. గింత వేలికి అంత విలువ ఎందుకు సార్?" అని పెద్దవాడి ప్రశ్న. చిన్నవాడిది వేరే అనుమానం: "ఆ మిషన్ తప్పు చెప్పదా సార్?"

మొదటి ప్రశ్నకు జవాబు చెప్పడం తేలిక. రెండోదానికి ఆ రాత్రి చాలాసేపే పట్టింది. ఈ వ్యాసం నిజానికి ఆ రెండో ప్రశ్న కోసమే.

మీ బొటనవేలిని వెలుతురులో పెట్టి చూసుకోండి. కొత్తగా దున్నిన చేను కనిపిస్తుంది. గట్లు, గట్ల మధ్య సాళ్ళు. బిడ్డ తల్లి కడుపులో మూడో నెలలో ఉండగానే ఈ దున్నకం మొదలై, ఆరో నెల నిండేలోగా పూర్తవుతుంది. చర్మం లోపలి పొరలు ఏ వేగంతో పెరిగాయి, బిడ్డ చెయ్యి ఎటు ఒత్తుకుంది, చుట్టూ ఉన్న ఉమ్మనీరు ఎలా కదిలింది ఇలాంటి చిల్లర కారణాలెన్నో కలిసి గట్ల దారిని మారుస్తాయి. అందుకే ఒకే అండం నుంచి పుట్టిన కవలలకు కూడా వేలిముద్రలు వేరుగానే ఉంటాయి. ఒకే మనిషికి పది వేళ్ళ మీదా పది రకాలు. పైచర్మం కాలినా, గీసుకుపోయినా, లోపలి పొర చెడనంతవరకు పాత గట్లే మళ్ళీ లేస్తాయి.

దూరం నుంచి చూస్తే ముద్రలు మూడు జాతులు. గుండ్రంగా తిరిగితే సుడి. ఒకపక్క నుంచి వచ్చి మెలిక తిరిగి అదే పక్కకు పోతే మెలిక. కొండ ఎక్కి దిగినట్టు సాగితే వంపు. మెలికలు నూటికి అరవైకి పైగా, సుడులు ముప్ఫై దాకా ఉంటాయి. వంపులు అరుదు, నూటికి అయిదో ఆరో. మన జోస్యులు చక్రాలు, శంఖాలు అంటూ లెక్కపెట్టేది వీటినే. చక్రాలు ఎన్ని ఉంటే రాజయోగమో నాకు తెలియదు గాని, వాటిని లెక్కపెట్టే అలవాటు శాస్త్రానికి పనికొచ్చిన మాట నిజం. ఎలాగో చెబుతాను.

వేలిముద్రను ప్రభుత్వపు పనికి వాడటం మొదలైంది మన దేశంలోనే. 1858లో బెంగాలులోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే దొర, రోడ్డు కంకర సరఫరా చేస్తానన్న రాజ్యధర్ కొనాయ్ చేత ఒప్పందం కాగితం మీద అరచేతి ముద్ర వేయించాడు. రేపు ఆ సంతకం నాది కాదని అనకుండా ఉండేందుకు చేసిన బెదిరింపే అది, అప్పటికి శాస్త్రం ఏమీ లేదు. 1877లో హుగ్లీలో మేజిస్ట్రేటుగా ఉన్నప్పుడు ఆయన దస్తావేజులకూ, జైళ్ళకూ, పింఛన్లకూ వేలిముద్ర పద్ధతి పెట్టాడు. పింఛనుదారు చచ్చిపోయినా, ఇంకొకడెవడో వచ్చి అతని పేర డబ్బు తీసుకుపోతున్నాడని అనుమానం. ఆ రోజుకూ ఈ రోజుకూ రోగం అదే, మందూ అదే.

ముద్ర తీసుకోవడం సులువే. వేల ముద్రల్లోంచి కావలసినదాన్ని వెతికి తీయడమే కష్టం. దాన్ని తీర్చింది కలకత్తా. పోలీసు అధికారి ఎడ్వర్డ్ హెన్రీ కింద పనిచేసిన అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు సబ్‌ఇన్‌స్పెక్టర్లు ముద్రలను అరల్లో సర్దే లెక్క కనిపెట్టారు. పది వేళ్ళూ తీసుకోండి. ఒక్కో వేలి మీద సుడి ఉందా, లేదా? రెండే జవాబులు. రెండును పదిసార్లు హెచ్చవేస్తే 1024. అంటే 1024 అరల బీరువా ఒకటి చేయించి, ప్రతి మనిషి కాగితాన్నీ అతని అరలో పెట్టవచ్చు. మన సిటీ సెంట్రల్ లైబ్రరీలో నంబరు చూసి పుస్తకం తీసినట్టే దొంగను తీయవచ్చు. ఈ పద్ధతి మీదనే 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో వెలిసింది, ప్రపంచంలో మొదటిది. 1901లో లండన్ స్కాట్లండ్ యార్డు దాన్ని అందుకుంది. పద్ధతికి మాత్రం "హెన్రీ పద్ధతి" అనే పేరు స్థిరపడింది. లెక్క వేసిన ఇద్దరికీ తరువాతెప్పుడో ఖాన్ బహదూర్, రాయ్ బహదూర్ బిరుదులూ కొంత సొమ్మూ దక్కాయి. గైడు పేరు ముందు, విద్యార్థి పేరు వెనుక ఉండే ఆచారం మన యూనివర్సిటీలు కనిపెట్టినది కాదని దీనివల్ల తెలుస్తోంది.

ఇక యంత్రం సంగతి. అద్దపు పలక మీద వేలు పెట్టే యంత్రాల్లో ఉండేది మనం ఇంటర్మీడియెట్‌లో చదువుకున్న సంపూర్ణాంతర పరావర్తనమే. పలక కింది నుంచి వాలుగా వచ్చిన వెలుతురు, పైన గాలి ఉంటే పూర్తిగా వెనక్కి తిరుగుతుంది. వేలి గట్టు అద్దానికి అంటుకున్న చోట మాత్రం తిరగదు. కాబట్టి గట్లు నల్లగా, సాళ్ళు తెల్లగా బొమ్మ పడుతుంది. ఫోన్లలో చాలావాటికి అద్దం అక్కరలేదు. లోపల సూక్ష్మమైన కెపాసిటర్లుంటాయి. గట్టు దగ్గరగా, సాలు దూరంగా ఉండటం వల్ల వాటిలో నిలిచే విద్యుత్తు మారుతుంది. ఆ తేడాలను వరుసగా పేరిస్తే బొమ్మ వస్తుంది.

బొమ్మ చేతికొచ్చాక కంప్యూటరు దాన్ని చేనులా చూడదు. చేనులోని గుర్తులను మాత్రం ఏరుకుంటుంది. ఒక గట్టు ఎక్కడ ఆగిపోయింది? ఎక్కడ రెండుగా చీలింది? అంతే. ఒక మంచి ముద్రలో ఇలాంటి గుర్తులు కొన్ని పదులుంటాయి. ఒక్కోదానికీ మూడు అంకెలు చాలు: అడ్డంగా ఎంత దూరం, నిలువుగా ఎంత దూరం, గట్టు ఏ వాలున పోతోంది. వీటి పట్టికనే వేలికి బదులుగా దాచుకుంటుంది. మళ్ళీ మీరు వేలు పెట్టినప్పుడు కొత్త పట్టిక తయారుచేసి, పాతదాని మీద తిప్పి, జరిపి, ఎన్ని గుర్తులు ఎంత దగ్గరగా పడ్డాయో చూస్తుంది.

ఇక్కడే అసలు కిటుకు. ఏ ఒక్కరోజూ మీ వేలు నిన్నటిలా పడదు. గట్టిగా నొక్కితే చర్మం సాగుతుంది. చెమట పడితే సాళ్ళు పూడిపోతాయి. ఎండకు ఆరితే గట్లు తెగిపోయినట్టు పడతాయి. అందుచేత పట్టికలు రెండూ అచ్చంగా కలవడమన్నది ఎన్నడూ జరగదు. యంత్రం "ఇతనే" అనీ "ఇతను కాదు" అనీ చెప్పదు. మార్కులు వేస్తుంది. ఇన్ని గుర్తులు ఇంత దగ్గరగా ఉన్నాయి కాబట్టి ఇన్ని మార్కులు, అంతే.

"మరి పాసు, ఫెయిలు ఎవరు చెప్తరు సార్?" అన్నాడు చిన్నవాడు.

"కటాఫ్ చెబుతుంది" అన్నాను. అశోక్‌నగర్ కుర్రాడికి అంతకంటె వివరించనక్కరలేదు. కటాఫ్ పెంచితే దొంగ లోపలికి రావడం తగ్గుతుంది, కాని అసలు మనిషి బయట నిలబడిపోవడం పెరుగుతుంది. తగ్గిస్తే అసలు మనిషి సులువుగా వెళతాడు, అతని వెనకే దొంగ కూడా. రెండు తప్పులనూ ఒకేసారి సున్నా చేసే కటాఫ్ లేదు. ఆ గీత ఎక్కడ గీయాలన్నది ఫిజిక్సు తేల్చదు, ఒక ఆఫీసులో కూర్చున్న మనిషి తేలుస్తాడు. బ్యాంకు లాకరుకు ఒక గీత సరి, ముసలమ్మ బియ్యానికి అదే గీత సరికాదు.

ముసలమ్మ అంటే ఎవరో కాదు, మా చిన్నమ్మ. సిద్దిపేట దగ్గర పల్లెలో ముప్ఫై ఏళ్ళకు పైగా బీడీలు చుట్టింది. తునికాకును కత్తిరించడం, తంబాకు వేసి చుట్టడం, కొస మడవడం, దారం కట్టడం అంతా వేళ్ళ కొసలతోనే. రోజుకు వెయ్యి బీడీలు చుట్టిన రోజులున్నాయి. ఆ లెక్కన ఆ వేళ్ళ మీద ఎన్ని లక్షల ఆకులు రాసుకుపోయాయో! ఇప్పుడామె బొటనవేలిని వెలుతురులో చూస్తే చేను లేదు, నున్నటి బండ ఉంది. మాతో ఉండటానికి వచ్చాక ఆమె బియ్యం ఇక్కడే తీసుకుంటోంది. తెలంగాణలో ఏ ఊరి కార్డుతోనైనా ఏ షాపులోనైనా తీసుకోవచ్చు. నిజం చెప్పాలంటే ఇది వేలిముద్ర పుణ్యమే. ఊళ్ళో డీలరు ముఖం చూసి ఇచ్చే కాలంలో ఇది సాధ్యమయ్యేది కాదు.

కాని మొదటి నెల నేను తీసుకెళ్ళినప్పుడు యంత్రం ఆమెను ఒప్పుకోలేదు. డీలరు తడిగుడ్డతో తుడిపించాడు. తలకు రాసుకుని పెట్టమన్నాడు. పది వేళ్ళూ ఒకదాని తరువాత ఒకటి పెట్టించాడు. ప్రతిసారీ ఎర్ర దీపమే. వెనక వరుసలో వాళ్ళు విసుక్కుంటున్నారు. ఆమె సంచి మడిచి చంకలో పెట్టుకుని "నేనే కానేమో లే బిడ్డా, పోదాం పా" అంది. నవ్వుతూ అన్నమాటే గాని నాకు నవ్వు రాలేదు. మూడోసారి వెళ్ళినప్పుడు వేరే మనిషి ఉన్నాడు. ఫోనుకు ఓటీపీ వచ్చే దారి ఒకటుందని అతనే చెప్పాడు. అయిదు నిమిషాల్లో పని అయిపోయింది. ఆ దారి మొదటి రెండుసార్లూ ఉంది, మాకు చెప్పినవాడు లేడు.

2021లో కరోనా వల్ల వేలు పెట్టడం మాని ఓటీపీ, కనుపాప పద్ధతులు తెచ్చినప్పుడు రాష్ట్రంలో రేషను ఆగిపోలేదు. కాబట్టి వేరే దారి పెట్టడం కష్టమేమీ కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలికీ పింఛన్లకూ వేలిముద్రల స్మార్ట్‌కార్డులు పెట్టినప్పుడు, 2010 నుంచి 2012 దాకా ఎనిమిది జిల్లాల్లో కార్తీక్ మురళీధరన్, మరి ఇద్దరు ఆర్థికవేత్తలు పెద్ద ఎత్తున పరిశీలన చేశారు. కూలి తొందరగా అందింది, మధ్యలో కారిపోయే సొమ్ము తగ్గింది అని తేల్చారు. అయితే అందులో ఒక సంగతి చాలామంది వదిలేస్తారు. కార్డు లేనివారికి పాత పద్ధతిలో డబ్బు ఇవ్వడం అక్కడ మానలేదు. అదే పరిశోధకులు తరువాత జార్ఖండ్‌లో రేషను ఆధార్‌తో ముడిపెట్టిన తీరు చూశారు. అక్కడ అర్హులైన కొందరు బియ్యం పోగొట్టుకున్నారని రాశారు. వేలు రెండు చోట్లా వేలే. తేడా వచ్చింది వేలు కలవనప్పుడు ఏం చేయాలన్న దగ్గర. 2018 సెప్టెంబరులో ఆధార్ కేసు తీర్పులో సుప్రీంకోర్టు కూడా, ముద్ర కలవలేదన్న కారణంతో అర్హులు నష్టపోకుండా వేరే విధంగా గుర్తించే ఏర్పాటు ఉండాలన్నది.

ఇది ఒక రకం తప్పు. అసలు మనిషి బయట ఉండిపోవడం. రెండో రకం, నకిలీ లోపలికి రావడం. దానికీ మన దగ్గరే ఉదాహరణ ఉంది. 2018లో పెద్దపల్లి జిల్లాలో సిమ్‌కార్డులు అమ్మే ఒకతణ్ణి హైదరాబాదు పోలీసులు అరెస్టు చేశారు. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో అందరికీ కనిపిస్తున్న దస్తావేజుల మీది వేలిముద్రలను దించుకుని, రబ్బరు స్టాంపులు చేసే యంత్రంతో నకలు ముద్రలు తయారుచేసి, వేల సిమ్‌లు యాక్టివేట్ చేశాడని అభియోగం. ఏ సందు చివరనైనా కనిపించే రబ్బరు స్టాంపుల షాపును ఆ రోజు నుంచి నేను కొత్త కళ్ళతో చూస్తున్నాను. తాళంచెవి పోతే తాళం మార్చుకుంటాం, పాస్‌వర్డు పోతే పాస్‌వర్డు మార్చుకుంటాం. బొటనవేలు పోతే? పైగా ఈ తాళంచెవిని మనం టీ గ్లాసు మీద, బస్సు కమ్మీ మీద రోజంతా వదిలేస్తూ తిరుగుతాం. ఆ తరువాత యంత్రాల్లో వేలు బతికున్నదా, రబ్బరా అని చూసే ఏర్పాట్లు పెరిగాయి. ఆధార్‌లో మీ బయోమెట్రిక్‌ను మీరే తాళం వేసుకునే వీలు కూడా ఉంది. బ్యాంకు డబ్బు వేలిముద్రతో తీసే అలవాటు లేనివారు ఆ తాళం వేసుకోవడం మంచిది. నేను వేసుకున్నాను.

పోలీసుల పని ఇంకొక రకం. పరీక్ష హాలులో, రేషను షాపులో ప్రశ్న ఒకటే: "నేను ఫలానా అంటున్న ఇతను ఫలానానేనా?" ఒక ముద్రను ఒకే ముద్రతో పోల్చాలి. దొంగతనం జరిగిన ఇంటి కిటికీ మీద దొరికిన సగం ముద్రకు పేరు లేదు. దాన్ని లక్షల ముద్రలతో పోల్చాలి. తెలంగాణ పోలీసులు 2017 నుంచి రష్యా వారి పాపిలాన్ అనే పద్ధతిని వాడటం మొదలుపెట్టారు. 2022లో దేశమంతటికీ కలిపి నాఫిస్ అనే వ్యవస్థ వచ్చింది. అదే ఏడు, 1920 నాటి ఖైదీల గుర్తింపు చట్టం స్థానంలో కొత్త చట్టమూ వచ్చింది. ఇలా వెతికే కంప్యూటరు ఒక్క పేరు చెప్పదు. దగ్గరగా ఉన్నవారి జాబితా ఇస్తుంది. అందులోంచి ఏరేది భూతద్దం పట్టిన మనిషే.

ఆ మనిషీ పొరబడవచ్చు. 2004 మార్చిలో స్పెయిన్ రాజధాని మాడ్రిడ్‌లో రైళ్ళలో బాంబులు పేలాయి. ఒక ప్లాస్టిక్ సంచి మీద దొరికిన ముద్రను అమెరికా ఎఫ్.బి.ఐ. కంప్యూటరుకిస్తే 20 పేర్లు వచ్చాయి. అందులో నాలుగోది ఒరెగాన్ రాష్ట్రపు న్యాయవాది ఒకరిది. నిపుణులు ఒకరి తరువాత ఒకరు చూసి సందేహం లేదన్నారు. రెండు వారాలు నిర్బంధంలో ఉంచారు. చివరికి స్పెయిన్ పోలీసులు ఆ ముద్ర ఒక అల్జీరియా దేశస్థుడిదని తేల్చాక ఎఫ్.బి.ఐ. క్షమాపణ చెప్పుకుంది. ఇద్దరి ముద్రలూ ఒకటి కావు. కాని కోట్ల ముద్రల్లో వెతికితే చాలా దగ్గరగా ఉన్నది ఒకటి దొరకడం సహజం, అంత దగ్గరగా ఉన్నదాన్ని చూశాక కాదనడానికి నిపుణుడికి మనసొప్పదు. మన సాక్ష్య చట్టం వేలిముద్ర నిపుణుడు చెప్పేదాన్ని "అభిప్రాయం" అన్నది ఊరికే కాదు.

ఇదంతా విని పెద్దవాడు, "అట్లైతే సార్, కోర్టు చేసింది తప్పా?" అన్నాడు. తప్పనలేదు నేను. ఫోటో చూసి ఒప్పుకున్న ఇన్విజిలేటరు రేపు లేడు, అతని జ్ఞాపకమూ ఉండదు. వేలి గుర్తుల పట్టిక ఉంటే ఆర్నెల్ల తరువాత కూడా, రాసినవాడూ ఉద్యోగంలో చేరినవాడూ ఒకడేనా అని పోల్చి చూడవచ్చు. లెక్కలో తేడా వచ్చినప్పుడు ఆ తేడా ఎవరో పట్టుకోవచ్చు. అతని మొదటి ప్రశ్నకు జవాబు అదే. అలాగని కొత్తగా తోముకున్న చెయ్యి వల్లనో, తామర వల్లనో వేలు పడని అభ్యర్థిని గుమ్మంలో ఆపేస్తే అదీ అన్యాయమే. ఫోటో తీసి, రాయించుకుని లోపలికి పంపే దారి ఉండాలి, ఆ సంగతి గుమ్మం దగ్గర కూర్చున్నవాడికి తెలిసి ఉండాలి.

పాత నోటిఫికేషన్ 2024 ఫిబ్రవరిలో రద్దయి, 563 పోస్టులతో కొత్తది వచ్చింది. జూన్ 9న ప్రిలిమ్స్. ఈసారి బయోమెట్రిక్ ఉందని ముందే చెప్పారు. ఆ పొద్దున కుర్రాళ్ళిద్దరూ హాల్‌టికెట్లు చూసుకుంటూ మెట్లు దిగుతుంటే, వరండాలో బియ్యం చెరుగుతున్న చిన్నమ్మ చేట పక్కన పెట్టి వాళ్ళను పిలిచింది.

"వేళ్ళు మంచిగ తుడుచుకోని పెట్టుండ్రి బిడ్డా. చెమటుంటె మిషను పట్టది. ఒకటి పడకపోతె ఇంకోటి పెడతమనుండ్రి, తిరిగి రాకుండ్రి" అంది.